సర్వరు అంటే ఏ సర్వరు? – అపాచీ చేతిపుస్తకం దిద్దుబాటు డైరీ

పని పరిధి

దిద్దుతున్నది అపాచీ హెచ్‌టీటీపీ సర్వరు 2.4ను (సైట్ల పేజీలను అడిగినవారికి పంపే ప్రోగ్రామ్) నడిపేవారి కోసం మేమే తెలుగులో రాసుకున్న చేతిపుస్తకం. 11 అధ్యాయాలు, 11 మార్క్‌డౌన్ ఫైళ్లు, సుమారు 21,400 మాటలు. ఏడేళ్లలో నలుగురు రాశారు, ఎవరి పదజాలం వారిది. చదివేది మాత్రం రాత్రి డ్యూటీలో ఒంటరిగా కూర్చున్న కొత్త ఉద్యోగి. సందేహం వస్తే అడగడానికి పక్కన మనిషి ఉండడు.

నిరుడు మే నెలలో మేము నడిపే ఒక విద్యాసంస్థ ఫలితాల సైటు 50 నిమిషాలు ఆగిపోయింది. చేతిపుస్తకం 6వ అధ్యాయంలో ‘మ్యాక్స్‌క్లయింట్స్: సర్వరు భరించగల గరిష్ఠ వినియోగదారుల సంఖ్య’ అని ఉంది. విలువ 256. ఆ రోజు వెయ్యి మందైనా వస్తారని డ్యూటీలో ఉన్న కుర్రవాడు దాన్ని 1000 చేశాడు. ఏమీ మారలేదు. సర్వర్‌లిమిట్ (ప్రాసెస్‌ల, అంటే ప్రోగ్రామ్ నడిచే ప్రతుల, సంఖ్యకు పైహద్దు) 256 ఉంది కాబట్టి అంతకే తగ్గించానని అపాచీ లాగ్‌లో హెచ్చరిక రాసింది. ఆ లిమిట్‌ను కూడా 1000 చేసి, ‘ఆపై సర్వరును రీస్టార్ట్ చేస్తే చాలు’ అన్న పుస్తకం మాట ప్రకారం రీస్టార్ట్ చేశాడు. అప్పుడూ మారలేదు. సర్వర్‌లిమిట్ రీస్టార్ట్‌తో మారదు, అపాచీని పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. చివరికి యంత్రాన్నే ఆపి మొదలుపెట్టాడు. ఈసారి మార్పు వచ్చింది. 8 జీబీ మెమరీ నిండి, మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ డిస్కు మీదికి పొర్లి, సైటు పడిపోయింది.

అతను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. కాబట్టి దిద్దవలసింది పుస్తకాన్నే.

1వ దశ: లెక్క పెట్టడం

మొదట ‘సర్వరు’ అనే మాటను పట్టుకున్నాను. ఫైళ్లలో మాటలు వెతికే ఆదేశం గ్రెప్‌తో ‘సర్వర్’ అని వెతికి లెక్క అడిగితే 187 వచ్చింది. ఆ అంకెను నమ్మి రెండు రోజుల ప్రణాళిక వేసుకున్నాను. అది తప్పు లెక్క. కారణాలు రెండు, పూర్తి మాటలతో వెతికేవారికి మూడో చిక్కు కూడా ఉంది.

1. గ్రెప్ లెక్క వరుసలది, మాటలది కాదు. ఒకే వరుసలో మూడుసార్లు ఉన్నా ఒకటిగానే లెక్కిస్తుంది.
2. నలుగురిలో ఇద్దరు ‘సర్వర్’ అని, మరో ఇద్దరు ‘సర్వరు’ అని రాశారు. చివర పొల్లు ఉన్న రూపం కోసం వెతికితే ఉకారం ఉన్న రూపం దొరకదు.
3. ‘సర్వర్లో’ అన్న మాటను కొందరు పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు పెట్టి ‘సర్వర్‌లో’ అని రాశారు. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. మనిషి కంటికి అది అదే మాట, వెతికే ప్రోగ్రామ్‌కు వేరే మాట.

ఐత్వం దగ్గర ఇంకో చిక్కు దొరికింది. ‘ఫైలు’, ‘సైటు’ వంటి మాటల్లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ నిల్వ చేయవచ్చు, రెండు ముక్కలుగానూ నిల్వ చేయవచ్చు. రెండు పాత ఫైళ్లలో ఉన్నవి రెండో రకంవి. కాబట్టి వెతకడానికి ముందు ప్రతి ఫైలుకు ఒక నకలు తీసి, నకలులో ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ పద్ధతిలో ముక్కలను కలిపి, విడదీత గుర్తులు తీసేసి, అందులో లెక్కపెట్టాను. అసలు ఫైళ్లను ముట్టుకోలేదు.

నిజమైన లెక్క 431. ఒక్కొక్కదాన్నీ చదివి ఏ అర్థంలో వాడారో పక్కన రాశాను.

యంత్రం: 96
ప్రోగ్రామ్, అంటే అపాచీయే: 171
అపాచీ నడిపే ప్రాసెస్‌లలో ఒకటి: 88
వర్చువల్ హోస్ట్, అంటే ఒక సైటు: 54
ఏదో తేలనివి: 22

నాలుగు వేర్వేరు వస్తువులను ఒకే గాటన కట్టేశాం. పై సంఘటనలో ‘సర్వరును రీస్టార్ట్ చేస్తే’ అన్న చోట రాసినవారి ఉద్దేశం ప్రోగ్రామ్, చదివినవాడికి చివరికి అర్థమైంది యంత్రం.

ఇప్పటివరకు: దిద్దినవి 0, గంటలు 7.

2వ దశ: సర్వరును నాలుగుగా విడదీయడం

ముందు నిర్ణయాలు.

1. యంత్రం అర్థంలో ‘యంత్రం’.
2. ప్రోగ్రామ్ అర్థంలో ‘హెచ్‌టీటీపీడీ’. ఆ ప్రోగ్రామ్ పొట్టి పేరు అదే. ‘అపాచీ’ అని రాయలేదు, అది దాన్ని తయారుచేసే ఫౌండేషన్ పేరు కూడా, ఆ ఫౌండేషన్ కింద ఎన్నో ప్రాజెక్టులున్నాయి. టామ్‌క్యాట్ (జావా ప్రోగ్రామ్‌లను నడిపేది) కూడా అపాచీయే, మా దగ్గర అదీ నడుస్తోంది.
3. ప్రాసెస్ అర్థంలో ‘ప్రాసెస్’.
4. ఒక సైటు అర్థంలో ‘వర్చువల్ హోస్ట్’.

మార్పులు చేయడానికి పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్టు) రాశాను. మాట మొత్తంగా ఉన్నచోటే మారాలని రెండు వైపులా పదం అంచు గుర్తు పెట్టాను. ఫలితం సరిగ్గా తిరగబడింది. ‘సర్వర్’ అని విడిగా ఉన్న చోట్ల ఒక్కటీ మారలేదు. ‘సర్వర్లో’, ‘సర్వర్లకు’ అని ఉన్నవి మాత్రం మధ్యలో తెగి మారిపోయాయి.

కారణం వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. పైథాన్‌తో వచ్చే ‘ఆర్‌ఈ’ మాడ్యూల్ తెలుగు గుణింతపు గుర్తులను, పొల్లును అక్షరాలుగా ఎంచదు. పొల్లు తర్వాత ఖాళీ ఉంటే దాని దృష్టిలో రెండూ అక్షరాలు కానివే, కనుక అక్కడ అంచు లేదు. పొల్లు తర్వాత ‘ల’ వస్తే అక్కడ అంచు ఉంది. అంటే తెలుగు మాట నడిమధ్యలో అంచు, చివర అంచు లేదు. విడిగా స్థాపించుకోవలసిన ‘రెజెక్స్’ అనే మాడ్యూల్ గుర్తులను కూడా మాటలో భాగంగానే చూస్తుంది. అది పెట్టాక దొరకవలసినవి దొరికాయి.

అయినా యాంత్రికంగా మార్చడం కుదరలేదు. ఈసారి అడ్డు వచ్చింది వ్యాకరణం. ‘సర్వరు’ స్థానంలో ‘యంత్రం’ పెడితే ‘సర్వరును’ అన్నది ‘యంత్రంను’ అవుతుంది, ‘సర్వరుకు’ అన్నది ‘యంత్రంకు’ అవుతుంది. కావలసినవి ‘యంత్రాన్ని’, ‘యంత్రానికి’. విభక్తి పట్టిక ఒకటి రాసి స్క్రిప్టుకు ఇచ్చాను. 30 చోట్ల ప్రయోగించి చూస్తే 11 చోట్ల వాక్యం చదవడానికి ఎబ్బెట్టుగా తయారైంది. అక్కడ మాటను కాక వాక్యాన్నే తిరిగి రాయాలి.

స్క్రిప్టును వెతకడానికి మాత్రమే ఉంచి, మార్చడం చేత్తో చేశాను. సగటున ఒక్కో చోటుకు 50 సెకన్లు పట్టింది. ఆ 5 గంటల స్క్రిప్టు పని లేకుండా మొదటే చేత్తో మొదలుపెట్టి ఉండవలసింది. మీ పుస్తకంలో వెయ్యి చోట్ల లోపు ఉంటే చేత్తోనే దిద్దండి.

ఇప్పటివరకు: దిద్దినవి 409, గంటలు 18. తేలని 22 పక్కన ఉన్నాయి.

3వ దశ: ‘క్లయింట్’ అంటే మనిషి కాదు

ఇక్కడ గందరగోళం తెలుగులో పుట్టింది కాదు, అసలు పేరులోనే ఉంది. మ్యాక్స్‌క్లయింట్స్ అన్నప్పుడు ఎవరికైనా మనుషులే గుర్తొస్తారు. అపాచీ వారు 2.3.13 నుంచి దాని పేరును మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్‌గా మార్చారు. 2012 ఫిబ్రవరిలో వచ్చిన 2.4లో అదే పేరు ఉంది. కానీ పాత పేరు రాసినా ఇప్పటికీ పనిచేస్తుంది. తప్పు చూపదు కాబట్టి మా పుస్తకంలో పాత పేరు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది.

పేరు మార్చితే సరిపోదు, ఆ అంకెకు ఏమిటి అర్థమో పాఠకుడికి కొలతతో చూపాలి. పరీక్ష యంత్రంలో ప్రీఫోర్క్ పద్ధతిలో నడిపి కొలిచాను.

1. కీప్‌అలైవ్ (జవాబు ఇచ్చాక కూడా కనెక్షన్‌ను తెరిచే ఉంచడం) ఆన్, దాని గడువు 5 సెకన్లు.
2. 5 కంప్యూటర్లలో ఒకేసారి సైటు తెరిచాం.
3. అపాచీ తన స్థితిని చూపే మాడ్ స్టేటస్ పేజీలో ‘కె’ (కీప్‌అలైవ్) అక్షరంతో కనిపించే ప్రాసెస్‌లను లెక్కపెట్టాం. 27 ఉన్నాయి.

మనుషులు 5, ప్రాసెస్‌లు 27. హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజరు ఒక్కో సైటుకు 6 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. ప్రీఫోర్క్‌లో ఒక్కో కనెక్షన్‌ను ఒక్కో ప్రాసెస్ పట్టుకుని కూర్చుంటుంది, పని లేకపోయినా గడువు తీరేదాకా వదలదు. ఆ లెక్కన 256 అన్న అంకె 43 మందితో నిండిపోవచ్చు. ఈవెంట్ పద్ధతిలో ఇలా ఉండదు. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను వేరే థ్రెడ్ (ప్రాసెస్ లోపల విడిగా నడిచే పని పాయ) చూసుకుంటుంది, పని చేసే థ్రెడ్ విడుదలవుతుంది. అక్కడ డిఫాల్ట్ పరిమితి 16 ప్రాసెస్‌లు, ఒక్కోదానికి 25 థ్రెడ్లు, మొత్తం 400.

మెమరీ కొలతలో నేను కూడా ఒకసారి తప్పాను. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ ఆదేశం చూపే ఆర్‌ఎస్‌ఎస్ అంకె ఒక్కో ప్రాసెస్‌కు సగటున 41 ఎంబీ. దాన్ని 256తో గుణిస్తే 10 జీబీ దాటుతుంది, యంత్రంలో ఉన్నది 8 జీబీ, అయినా యంత్రం రోజూ బాగానే నడుస్తోంది. అన్ని ప్రాసెస్‌లూ పంచుకునే మెమరీని ఆర్‌ఎస్‌ఎస్ ప్రతిదాని ఖాతాలోనూ వేస్తుంది. పంచుకున్నదాన్ని భాగించి చూపే పీఎస్‌ఎస్ అంకె తీస్తే 24 ఎంబీ వచ్చింది. 256 ప్రాసెస్‌లకు 6,144 ఎంబీ. 1000కి 24,000 ఎంబీ, అంటే ఉన్నదానికి మూడింతలు.

కొత్త వాక్యం ఇది: ‘మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్: హెచ్‌టీటీపీడీ ఒకే క్షణంలో నడపగల అభ్యర్థనల సంఖ్య. ఇది మనుషుల సంఖ్య కాదు. పెంచే ముందు ఒక్కో ప్రాసెస్ పీఎస్‌ఎస్‌ను ఈ అంకెతో గుణించి మెమరీతో పోల్చండి.’ పక్కనే ఆ గుణకారం ఉదాహరణ. మా యంత్రానికి 220 అని నిర్ణయించాం.

ఇప్పటివరకు: దిద్దినవి 432, గంటలు 22.

4వ దశ: ధ్రువీకరణ, ధృవీకరణ

ఈ మాట దగ్గరే ఎక్కువ కాలం ఆగాను. ‘ధ్రువీకరణ’ 39 చోట్ల, తప్పు వర్ణక్రమంతో ‘ధృవీకరణ’ 27 చోట్ల, మొత్తం 66. వీటి అసలు అర్థాలు ఇలా తేలాయి.

వచ్చినది ఎవరో తేల్చుకోవడం: 31
వచ్చినవారికి లోపలికి అనుమతి ఉందా అని చూడడం: 14
సైటు ఎవరిదో చెప్పే సర్టిఫికెట్ సరైనదా అని చూడడం: 21

అపాచీలో మొదటి రెండూ వేర్వేరు మాడ్యూళ్ల పని. పేరు ఆథ్‌ఎన్‌తో మొదలయ్యేవి మొదటిదాన్ని, ఆథ్‌జడ్‌తో మొదలయ్యేవి రెండోదాన్ని చూసుకుంటాయి. మా పుస్తకంలో రెండింటికీ ఒకే మాట.

నిఘంటువులు తిరగేసి ‘ప్రామాణీకరణ’, ‘అధికారీకరణ’ అని పెట్టాను. చక్కగా జంటగా ఉన్నాయనిపించింది. 10 ప్రశ్నలు తయారుచేసి ముగ్గురు కొత్త ఉద్యోగులతో చదివించాను. పాత పాఠంతో సగటు 4 సరైన జవాబులు. నా కొత్త మాటలతో 5. వారిలో ఒక అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది: “మేడమ్, రెండూ చివర ఒకేలా ముగుస్తున్నాయి. చదివేటప్పుడు తేడా తెలుస్తోంది, పేజీ తిప్పాక ఏది ఏదో గుర్తుండడం లేదు.”

ఆమె మాటే నిజం. ‘కరణ’తో ముగిసే మాటలన్నీ తీసేశాను. ఇప్పుడున్నవి: ‘గుర్తింపు అడగడం’, ‘అనుమతి చూడడం’, ‘సర్టిఫికెట్ తనిఖీ’. అవే ప్రశ్నలు మరో ముగ్గురికి ఇస్తే సగటు 9 వచ్చింది. ఆరుగురితో చేసిన చిన్న పరీక్షే అయినా, 5కూ 9కీ మధ్య దూరం నాకు చాలు.

ఇక్కడ దిద్దలేనిది ఒకటుంది. 401 అనే జవాబు సంఖ్యకు హెచ్‌టీటీపీ ప్రమాణంలోనే ‘అన్‌ఆథరైజ్డ్’ అని పేరు, కానీ దాని అర్థం గుర్తింపు ఇవ్వలేదని. అనుమతి లేదని చెప్పేది 403. గుర్తింపు వివరాలు మోసుకెళ్లే హెడర్ (అభ్యర్థనతో పాటు వెళ్లే వివరాల వరుస) పేరు ‘ఆథరైజేషన్’. ఇవి యంత్రాలు చదివే పేర్లు. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ‘రెఫరర్’ అనే హెడర్ ఒక అక్షరం తగ్గి అచ్చయింది, అది నేటికీ అలాగే నడుస్తోంది. అటువంటివాటి పక్కన అర్థం రాయడం తప్ప మనం చేయగలిగింది లేదు. 401 పక్కన ‘గుర్తింపు అడుగుతోంది’, 403 పక్కన ‘గుర్తించినా, గుర్తించకపోయినా అనుమతి లేదు’ అని రాశాను.

పంపినది మరీ పెద్దదని చెప్పే 413ను సంఖ్యతోనే సూచించాలని కూడా ఇక్కడే తీర్మానించాను. దాని పేరు 1999లో ‘రిక్వెస్ట్ ఎంటిటీ టూ లార్జ్’, 2014లో ‘పేలోడ్ టూ లార్జ్’, 2022లో ‘కంటెంట్ టూ లార్జ్’. పేరుతో వెతికేవారికి మూడు వేర్వేరు లోపాల్లా కనిపిస్తాయి.

ఇంకొకటి, ‘తాళం’. ఇంట్లో ‘తాళం ఇలా ఇవ్వు’ అంటే కప్ప కావాలో చెవి కావాలో చేయి చాచిన తీరులో తెలిసిపోతుంది. పుస్తకానికి చేతులు లేవు. పుస్తకం సర్టిఫికెట్ ఫైలును, రహస్య కీ ఫైలును రెండింటినీ ‘తాళం ఫైలు’ అంది. బయటివారికి పంపకూడనిది ఏది అని అడిగితే మొదటి ముగ్గురిలో ఇద్దరు తప్పు ఫైలు చూపించారు. ఆ మాట పూర్తిగా తొలగించాను. ఇప్పుడు ‘సర్టిఫికెట్’, ‘రహస్య కీ’ మాత్రమే. (ఆ మాట ఉన్న వాక్యాలు పై 21 చోట్లలోనివే, కాబట్టి విడిగా లెక్కించలేదు.)

ఇప్పటివరకు: దిద్దినవి 498, గంటలు 31.

5వ దశ: ఎస్‌ఎస్‌ఎల్‌ను టీఎల్‌ఎస్ చేయబోయి

‘ఎస్‌ఎస్‌ఎల్’ 118 చోట్ల ఉంది. బ్రౌజరుకూ సైటుకూ మధ్య సమాచారాన్ని రహస్యంగా మోసే పాత పద్ధతి అది, దాని స్థానంలో వచ్చింది టీఎల్‌ఎస్. ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వాడకాన్ని 2015 జూన్‌లో నిషేధించారు, టీఎల్‌ఎస్ 1.0, 1.1లను 2021 మార్చిలో పక్కన పెట్టారు. నేడు నడిచేవి టీఎల్‌ఎస్ 1.2, 1.3. పుస్తకంలో ఒకచోట ‘భద్రత కోసం ఎస్‌ఎస్‌ఎల్‌ను ఆపండి’ అని, మరోచోట ‘భద్రత కోసం ఎస్‌ఎస్‌ఎల్‌ఇంజిన్‌ను ఆన్ చేయండి’ అని ఉంది. రెండూ సరైన సలహాలే, కానీ రెండూ కలిపి చదివినవారు ఇంజిన్‌ను ఆపే ప్రమాదం ఉంది. అప్పుడు రక్షిత సైట్లకు వాడే 443 పోర్టు మీద రక్షణ లేని హెచ్‌టీటీపీ నడుస్తుంది.

చిన్న మాటే కదా, విభక్తుల బాధ లేదు కదా అని అన్నింటినీ ఒక్క ఆదేశంతో మార్చాను. అది ఎస్‌ఎస్‌ఎల్‌ఇంజిన్, ఎస్‌ఎస్‌ఎల్‌ప్రోటోకాల్ వంటి అసలు ఆదేశాల పేర్లను కూడా మార్చేసింది. మేము వాడే మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లో టీఎల్‌ఎస్‌ఇంజిన్ అనే ఆదేశం లేదు. గిట్‌లో (ప్రతి మార్పునూ దాచి ఉంచే వ్యవస్థ) వెనక్కి తిప్పి, ముందు ఒక కాపలా ఏర్పాటు చేశాను.

1. పుస్తకంలోని కాన్ఫిగరేషన్ ఉదాహరణలన్నింటినీ విడివిడి ఫైళ్లుగా తీసే స్క్రిప్టు. మొత్తం 39.
2. ఒక్కోదాన్ని పరీక్ష యంత్రంలో, రాత సరైనదా అని చూసే అపాచీ కాన్ఫిగ్‌టెస్ట్‌తో నడపడం.
3. ‘సింటాక్స్ ఓకే’ రాకపోతే ఆ మార్పును గిట్ స్వీకరించకుండా ఆపడం.

వెనక్కి తిప్పిన తర్వాత కూడా 3 ఉదాహరణలు తప్పాయి. అవి నేను చెడగొట్టినవి కావు. ఆర్డర్, అలౌ, డినై అనే పాత ఆదేశాలతో రాసినవి. 2.4లో అవి యాక్సెస్ కంపాట్ అనే మాడ్యూల్‌లోకి వెళ్లాయి, మా యంత్రంలో ఆ మాడ్యూల్ లేదు. వాటిని రిక్వైర్ ఆదేశంతో తిరిగి రాశాను.

118లో 47 ఆదేశాల పేర్లు, ముట్టుకోలేదు. 9 చరిత్ర చెప్పే వాక్యాలు, అలాగే ఉంచాను. మిగిలిన 62 ‘టీఎల్‌ఎస్’ అయ్యాయి.

ఇప్పటివరకు: దిద్దినవి 560, గంటలు 36.

6వ దశ: మూలం, ప్రాక్సీ, రీస్టార్ట్

‘మూల డైరెక్టరీ’ (34 చోట్లు): డిస్కు మొదలుకీ, సర్వర్‌రూట్‌కూ, డాక్యుమెంట్‌రూట్‌కూ ఇదే మాట. ప్రమాదం ఎక్కడంటే, డైరెక్టరీ బ్లాకులో ఒంటరి ఏటవాలు గీత (/) రాస్తే అది డిస్కు మొదలు, లొకేషన్ బ్లాకులో అదే గీత సైటు మొదటి చిరునామా. ‘మూలానికి అనుమతి ఇవ్వండి’ అన్న వాక్యం చదివి డైరెక్టరీ బ్లాకులో ఇస్తే మొత్తం డిస్కుకు అనుమతి ఇచ్చినట్టే. ఇప్పుడు ‘డిస్కు మొదలు’, ‘హెచ్‌టీటీపీడీ అమరిక డైరెక్టరీ’, ‘సైటు ఫైళ్ల డైరెక్టరీ’ అని మూడు.

ప్రాక్సీ (19 చోట్లు): అభ్యర్థనను తీసుకుని వెనక ఉన్న మరో యంత్రానికి పంపేది రివర్స్ ప్రాక్సీ. ప్రాక్సీపాస్‌రివర్స్‌ను పుస్తకం ‘రివర్స్ ప్రాక్సీని మొదలుపెట్టే ఆదేశం’ అంది. పేరు చూస్తే అలాగే ఉంటుంది. మొదలుపెట్టేది ప్రాక్సీపాస్. ప్రాక్సీపాస్‌రివర్స్ మాత్రం వెనక యంత్రం పంపిన దారిమళ్లింపు జవాబుల్లో లొకేషన్ వంటి హెడర్ల చిరునామాలను సరిచేస్తుంది, అంతే. ప్రాక్సీరిక్వెస్ట్స్ ఆన్ చేయాలన్న వాక్యం ఇంకా చెడ్డది. రివర్స్ ప్రాక్సీకి అది అక్కర్లేదు, ఆన్ చేస్తే ఊరూపేరూ లేనివారు మన యంత్రం గుండా ఎక్కడికైనా వెళ్లగలరు. ఆ వాక్యాన్ని కొట్టేసి, అధ్యాయం మొదటే ఆఫ్‌లో ఉంచమని రాశాను.

రీస్టార్ట్ (41 చోట్లు): ‘ఆపి మొదలుపెట్టడం’, ‘రీస్టార్ట్’, ‘గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్’ అని మూడుగా విడదీశాను. మూడోదానికి తెలుగు మాట కోసం ప్రయత్నించి మానుకున్నాను. రాత్రి డ్యూటీలో టైపు చేయవలసింది ఆ మాటే. పక్కన ‘చేతిలో ఉన్న అభ్యర్థన పూర్తయ్యాకే పాత ప్రాసెస్ ఆగుతుంది’ అని అర్థం రాశాను. ఏ ఆదేశం మార్చితే మూడింటిలో ఏది అవసరమో ఒక పట్టిక కూడా పెట్టాను.

ఇప్పటివరకు: దిద్దినవి 654, గంటలు 44.

7వ దశ: తేలని 22

మొదటి దశలో పక్కన పెట్టినవి. రాసినవారిలో ఇద్దరిని ఫోనులో అడిగాను, వారికీ గుర్తులేదు. దాంతో ఒక్కో వాక్యాన్ని నాలుగు అర్థాలతోనూ రాసి, పరీక్ష యంత్రంలో ఏ అర్థంలో నిజమవుతుందో చూశాను. 17 తేలాయి. 5 వాక్యాలు ఏ అర్థంలోనూ నిజం కాలేదు.

వాటిలో ఒకటి: ‘పేరు సరిపోని అభ్యర్థనకు ప్రధాన సర్వరు జవాబిస్తుంది.’ మూడు వర్చువల్ హోస్ట్‌లు పెట్టి, ఎక్కడా లేని పేరుతో అభ్యర్థన పంపాను. జవాబిచ్చింది ఆ చిరునామా, పోర్టులకు కాన్ఫిగరేషన్‌లో మొదట రాసిన వర్చువల్ హోస్ట్. వరుస మార్చి మళ్లీ పంపితే జవాబిచ్చేది కూడా మారింది. వర్చువల్ హోస్ట్‌ల బయట రాసిన అమరిక ఒక్కసారీ జవాబివ్వలేదు. ఈ వాక్యం ఏడేళ్లుగా 4వ అధ్యాయం మొదటి పేజీలో ఉంది. ‘సర్వరు’ అంటే ఏదో ఒకటి అయి ఉంటుందిలే అని అందరం దాటి వెళ్లాం. నేనూ ఎన్నోసార్లు చదివాను.

అయిదింటినీ కొట్టేశాను. 4వ అధ్యాయంలో ఆ స్థానంలో పరీక్ష ఫలితాన్నే రాసి, ఆ పరీక్షను ఎవరైనా తిరిగి చేసుకునేలా మూడు వర్చువల్ హోస్ట్‌ల ఉదాహరణను 40వదిగా కాపలా స్క్రిప్టుకు చేర్చాను.

మొత్తం: దిద్దినవి 676, తేలని 22లో కొట్టేసినవి 5. గంటలు 50.